ఏడిళ్ళ భోజనం

జల్గిజ్‌కయిన్, కొక్షెతావ్ వైపు
14 సెప్టెంబర్ 1992

నా ఒంటెపిల్ల అక్‌మరల్‌కి, అల్లుడు సాయన్‌కి, మనవలు ముగ్గురికీ మీ నాన్న ఒరజ్‌ఖాన్ పంపే ముద్దులు. గొర్రెలు బాగున్నాయా, జడలబర్రెలు బాగున్నాయా, చిన్నదాని దగ్గు తగ్గిందా? మీ అమ్మ సమాధి మీద రాళ్ళు గాలికి జారితే మళ్ళీ సర్దుతున్నారా?

దేశం చేరాం తల్లీ, మన కజకస్తాన్. మా తాత ఏ దేశం పేరు వింటే కళ్ళు తుడుచుకునేవాడో ఆ దేశంలో కూర్చుని, బల్ల మీద కాగితం పెట్టుకుని రాస్తున్నాను. నాకు అరవై తొమ్మిదేళ్ళు. ఇన్నేళ్ళలో ఇంత సంతోషం నా ఒంట్లో పట్టిన గుర్తు లేదు. ఇక్కడ గోడలోంచి నీళ్ళు వస్తాయి. పొద్దున్నే గొట్టం తిప్పి, కాసేపు అలా పారనిచ్చి, కట్టేస్తాను. ఊరికే, చూడ్డానికి.

మాకిచ్చిన ఇల్లు ఒక జర్మన్ కుటుంబానిది. వాళ్ళు వాళ్ళ దేశం వెళ్ళిపోయారు, మనం మన దేశం వచ్చాం. మూడు గదులు. నేలమాళిగలో ఊరవేసిన టమాటాల సీసాలు పంతొమ్మిది వదిలేశారు. ఒకటి తెరిచి తిన్నాను. అంత పులుపు మనకి పడదు, కానీ వదిలి వెళ్ళిన వాళ్ళని తిట్టుకోకూడదని మొత్తం తినేశాను. నీ తమ్ముడు తిలెగెన్‌కి పట్నంలో ధాన్యం గిడ్డంగిలో పని దొరికింది. ఆదివారాలు వస్తాడు. మంగోలియా నుంచి వచ్చినవాళ్ళం ఈ ఊళ్ళో మేమొక్కళ్ళమే, అందుకని అందరి కళ్ళూ మా మీదే.

అసలు సంగతి విను. అల్మాతీ నుంచి ఒక పిల్ల వచ్చింది, పేరు రౌషన్. బయటి నుంచి వచ్చిన కుటుంబాలు కొత్త దేశంలో ఎలా కుదురుకుంటున్నాయో తెలుసుకోవడమే ఆ పిల్ల ఉద్యోగమట. ఏడాది పాటు మూడు నెలలకోసారి వస్తుందట. నిద్ర పడుతోందా, చలి ఆగుతోందా, మాట అర్థమవుతోందా అని ఎనభై నాలుగు ప్రశ్నలు. ఏ దేశమైనా ఒక ముసలాడికి నిద్ర పట్టిందో లేదో కనుక్కోవడానికి మనిషిని పంపుతుందా? మన దేశం పంపింది. ఉన్న రెండు గొర్రెల్లో ఒకటి ఆ పిల్ల కోసం కోశాను.

ముప్ఫై ఒకటో ప్రశ్న: "ఈ ఊరొచ్చాక ఎన్నిళ్ళలో భోంచేశారు తాతా?" అంది.

"ఏడిళ్ళలో" అన్నాను. రాసుకుంది. అంటే తల్లీ, కొత్తగా దిగిన కుటుంబాన్ని ముందు నుంచీ ఉన్న ఇళ్ళు వరసగా భోజనానికి పిలిచే మన ఆచారం ఇక్కడ కూడా ఉన్నట్టే కదా. వాళ్ళు పిలవాలి, మనం కడుపు నిండా తిని దీవించాలి, ఆ తర్వాతే మనం వాళ్ళని పిలవాలి. అక్కడ మనవాళ్ళందరికీ చెప్పు, ఒరజ్‌ఖాన్‌ని ఏడిళ్ళవాళ్ళు పిలిచారని.

అక్షరాలు వంకరగా ఉంటే సంతోషమే కారణం అనుకో.
నీ నాన్న

దెలూన్, బయన్-ఒల్గీ, మంగోలియా
20 అక్టోబర్ 1992

నాన్నగారికి, దణ్ణాలతో అక్‌మరల్.

మీ ఉత్తరం లారీ డ్రైవర్ చేతిలో ముప్ఫై మూడు రోజులు తిరిగి వచ్చింది. చదివి వినిపించేసరికి గుడారంలో చోటు చాల్లేదు. గోడలోంచి నీళ్ళు అన్నచోట పెద్దమ్మ రెండుసార్లు చదివించుకుంది. సాయన్ మాత్రం, "మీ నాన్న గుర్రం చచ్చిపోయినా విశ్రాంతి తీసుకుంటోందని రాసే మనిషి" అన్నాడు. నేను ఊరుకోలేదు లెండి. "ఏడిళ్ళు కూడా కల్పించారా?" అన్నాను. ఆ మాటకి వెనక్కి తగ్గాడు. ఎవరూ తమని పిలిచిన ఇళ్ళ లెక్క తప్పు చెప్పరు కదా.

మీరు వెళ్ళాక ఇక్కడ చాలా మారింది. ఉమ్మడి మంద విడగొడుతున్నారు. శీతాకాలపు మేతభూమి ఎవరిది ఎవరికో, మార్చి నెలాఖరులోగా కాగితం మీద సంతకాలు పెట్టించుకుంటారట. ఉంటాం అన్నవాళ్ళకి భూమి. కజకస్తాన్ వెళ్తాం అన్నవాళ్ళ వంతు వేరేవాళ్ళకి పోతుంది, మళ్ళీ అడిగినా రాదు. సాయన్ ఎటూ తేల్చుకోలేకపోతున్నాడు. నేను ఒకటే చెప్పాను: నాన్నని ఏడిళ్ళవాళ్ళు పిలిచిన ఊళ్ళో నా పిల్లలు పస్తుండరు, పరాయివాళ్ళూ కారు.

ఇదే డ్రైవర్‌తో ఎండబెట్టిన పెరుగు ఉండలు ఏడు సంచులు పంపుతున్నాను, ఇంటికొకటి. ఉప్పు కొంచెం ఎక్కువైంది. ఎవరెవరికి ఇచ్చారో, వాళ్ళ ఆడవాళ్ళ పేర్లేమిటో రాయండి. వచ్చాక ఎవర్ని అక్క అనాలో, ఎవర్ని వదిన అనాలో ఇప్పట్నుంచే నేర్చుకుంటాను.

అమ్మ రాళ్ళు సర్దాం. మొదటి మంచు పడింది. మిగతాది ఎదురుపడ్డాక.
మీ అక్‌మరల్

జల్గిజ్‌కయిన్
28 డిసెంబర్ 1992

నా కళ్ళ వెలుగు అక్‌మరల్‌కి,

సంచులు ఏడూ చేరాయి. ఎంత పెద్ద మనసు నీది. మీ అమ్మ కూడా ఇంతే, పొరుగు గుడారంలో పొగ కనబడకపోతే పాలు పంపేది. ఒక సంచి ముడి దగ్గర ముక్కు పెట్టి వాసన చూశాను, మన గుడారమంతా ముక్కులోకి వచ్చేసింది. చేరవలసిన చోటికి అవి చేరతాయి, నువ్వు దిగులుపడకు. చలికాలం కదా, అందరి తలుపులూ మూసి ఉంటాయి.

ఇక్కడ మంచు మన మంచులాంటిది కాదు. మనకి కొండ ఆపుతుంది, ఇక్కడ ఆపడానికి ఏమీ లేదు. ఎంత దూరం చూసినా తెలుపే, మధ్యలో నాలుగు బిర్చ్ చెట్లు. చాలా అందంగా ఉంటుంది. నేను కిటికీ దగ్గరే కూర్చుంటాను, ఎవరైనా పిలవడానికి వస్తే తలుపు తీయడం ఆలస్యం కాకూడదని. ఎప్పుడూ టీ కాగుతూనే ఉంటుంది.

పక్కింటామె పేరు కుల్పాష్. యాభై దాటి ఉంటాయి, మొగుడు ట్రాక్టరు నడుపుతాడు. కంచె దగ్గర కనబడ్డప్పుడల్లా మర్యాద ప్రకారం పలకరిస్తాను: పశువులు క్షేమమా, పిల్లలు క్షేమమా, చూలుతో ఉన్న ఆవు క్షేమమా అని. "బానే ఉన్నాం" అని లోపలికి వెళ్ళిపోతుంది. పనిమంతురాలు, పాపం. వాళ్ళలో వాళ్ళు రష్యన్ మాట్లాడుకుంటారు, నవ్వుకుంటారు కూడా. నవ్వు ఏ భాషలోనైనా వినడానికి బాగుంటుంది.

కొట్టుకి పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వెళ్తాను. ఒక్కసారే రెండు అగ్గిపెట్టెలు కొంటే అయిపోయేదానికి ఎందుకు రెండుసార్లు అని కొట్టామె అడిగింది. నడక ఒంటికి మంచిదని చెప్పాను. పొట్టు పొయ్యి దగ్గర అగ్గిపెట్టెల వరస ఇప్పుడు కిటికీ అంచు దాకా వచ్చింది. మీరొస్తే ఏడాది పాటు అగ్గిపుల్ల కొననక్కర్లేదు.

రౌషన్ మళ్ళీ వచ్చింది. ఆ పిల్ల వస్తుందంటే నాలుగు రోజుల ముందు నుంచే నాకు పండగ. ఈసారి గొర్రె కొయ్యబోతే చెయ్యి పట్టుకుని ఆపింది, ఉన్నది ఒక్కటే కదా అని. పూటంతా కూర్చుంది. మీ అమ్మ గురించి చెప్పాను. అది ప్రశ్నల్లో లేదు, అయినా పెన్ను మూసి విన్నది. తర్వాత ముప్ఫై ఒకటో ప్రశ్న మళ్ళీ వేసింది. ఏడే అన్నాను. మన గుమ్మం తొక్కిన పిల్లకి బాధ పెట్టే మాట చెప్పి పంపుతామా? పైగా ఊరి పరువు కూడా ఉంది.

నువ్వు పిల్లలతో వచ్చే రోజు కోసం కిటికీ వైపు పెద్ద గది ఖాళీ చేసి ఉంచాను. ఐదుగురికి పడకలు వేసి చూశాను. సరిగ్గా సరిపోయాయి.
సంతోషంతో పొంగిపోతున్న నీ నాన్న

దెలూన్
10 ఫిబ్రవరి 1993

నాన్నగారికి,

తొందరగా రాస్తున్నాను, డ్రైవర్ బయట హారన్ కొడుతున్నాడు. సాయన్ ఒప్పుకున్నాడు. పడకలు వేసి చూశారన్న మాట దగ్గర మెత్తబడ్డాడు. జడలబర్రెలకి బేరం కుదిరింది, గొర్రెల్ని అతని అన్న తీసుకుంటాడు. కనుమ తెరుచుకోగానే కిందకి దిగి, మార్చి ముప్ఫైన 'వెళ్తాం' అని సంతకం పెడతాం. పెద్దాడు మీరు పంపిన పుస్తకంలో అక్షరాలు దిద్దుతున్నాడు. అక్కడి బడిలో మన భాషలో చెప్పే తరగతి ఉందని తిలెగెన్ రాశాడు, అది చాలు నాకు.

ఒక్క సంగతి అర్థం కాలేదు. డ్రైవర్ మీ ఇంట్లో టీ తాగాడట కదా. సంచులు ఏడూ ముడి విప్పకుండా గోడవారగా వరసగా ఉన్నాయన్నాడు. "మీ ఆవిడ పంపినవి మీ మామకి నచ్చలేదేమో" అని సాయన్‌తో నవ్వుతూ అన్నాడట. నాకు గుచ్చుకుంది. ఉప్పు ఎక్కువైందని నేనే రాశాను, నిజమే. కానీ పంచడానికి మీకు సిగ్గయిందా? వాళ్ళు పట్నం తిండి తినేవాళ్ళా? చెప్పండి, అక్కడికొచ్చి నవ్వులపాలు కాకుండా చూసుకుంటాను.

పేర్లు కూడా మీరు రాయలేదు.
అక్‌మరల్

జల్గిజ్‌కయిన్
10 మార్చి 1993

అక్‌మరల్, నా తల్లీ,

ఈ ఉత్తరం కంటే ముందు నీకు తంతి వార్త చేరుతుంది. రేపు పొద్దున్నే పట్నం బస్సెక్కి ఇస్తాను. సంతకం పెట్టొద్దు. దీన్ని చదివాక నీ ఇష్టం.

నీ ఉప్పు ఎక్కువ కాలేదు. ఇవ్వడానికి ఇల్లే లేదు. ఏడు కాదు, ఒక్కటి కూడా లేదు. ఈ ఊరొచ్చాక ఒక్క గుమ్మం లోపల కూడా నేను కూర్చోలేదు. పిలవందే వెళ్ళేది మనం కాదు కదా, అందుకని కిటికీ దగ్గర కూర్చున్నాను. ఇవాళ పిలుస్తారు, రేపు పిలుస్తారు అనుకుంటూ ఉండగా ఆ పిల్ల వచ్చి అడిగింది. పిలవబోయే ఇళ్ళే కదా, కాస్త ముందు చెప్పానంతే అనుకున్నాను. నీకు కూడా అలాగే రాశాను.

నిన్న జరిగింది చెబుతాను. నేను పొయ్యి దగ్గరుంటే కంచె తలుపు దబ్బుమంది. కుల్పాష్, చేతిలో జిల్లా పేపరు. బూట్ల మంచు దులుపుకోకుండానే వచ్చేసింది.

"ఏమయ్యా పెద్దాయనా, ఏడిళ్ళు ఎవరివి?"

"ఏ ఏడిళ్ళమ్మా?"

"ఇదిగో, నీ దగ్గరికొచ్చే ఆ పిల్ల రాసుకున్నది అచ్చేశారు. జల్గిజ్‌కయిన్ వాళ్ళు కొత్తవాళ్ళని కడుపులో పెట్టి చూసుకున్నారట, జిల్లాలో ఎక్కడా లేనంతగా కుదిరిపోయారట, ఏడిళ్ళలో భోంచేశారట. ఈ ఊళ్ళో కొత్తాడివి నువ్వొక్కడివే. నా కంచెకీ నీ కంచెకీ మధ్య నాలుగు అడుగులు. ఏడిళ్ళలో తిని, నా ఇల్లు మాత్రం నీకు ఆనలేదా?"

"కూర్చో తల్లీ, టీ పోస్తాను."

"టీ తర్వాత. పొద్దుట్నుంచీ గడపగడపా తిరిగాను. కొట్టుదాన్ని అడిగితే ఎదురింట్లో తిన్నాడేమో అంది. వాళ్ళు టీచరమ్మ ఇంట్లో అన్నారు. టీచరమ్మ నన్నే అడిగింది, మీ ఇంట్లోనే కదా అని. ఎవరింట్లోనూ తినలేదు నువ్వు. గాలి తిన్నావా ఆర్నెల్లూ?"

"మీరు పిలవలేదు కదమ్మా. పిలవందే ఎలా వస్తాను? ముందు నుంచీ ఉన్న ఇల్లు కదా కొత్తింటిని పిలవాలి."

ఆమె అప్పుడు కూర్చుంది. పేపరు మడిచి ఒళ్ళో పెట్టుకుంది.

"మా అత్త చిన్నప్పుడు అలా చేసేవాళ్ళట," అంది. "ఇప్పుడిక్కడ ఎవడు కొత్తింట్లో దిగితే వాడే ఊరిని పిలుస్తాడు. నువ్వు పిలుస్తావని మేం చూశాం. ఒక గొర్రె కోశావు, ఎవరికో పెట్టావు, మాకు కబురు రాలేదు. అసలు కజక్కులం తామేనని వీళ్ళ పొగరు, రష్యన్ మాట్లాడతాం కాబట్టి మనం ఎంగిలి అనుకుంటున్నాడు ముసలాడు అని మా ఆయనతో అన్నాను. నువ్వు కంచె దగ్గర నా ఆవు చూలుని కూడా అడుగుతుంటే, వెటకారం అనుకున్నాను."

ఆర్నెల్లూ వాళ్ళు నా పిలుపు కోసం, నేను వాళ్ళ పిలుపు కోసం. ఆమె టీ తాగింది. వెళ్ళేముందు ఇంకో కబురు చెప్పింది. అది నీకు రాయడానికే ఈ కాగితం తీశాను. ఊరు బాగా కుదురుకుందని పేపర్లో వచ్చింది కదా, కొత్తవాళ్ళకి ఇక అవసరం లేదని మన భాషలో చెప్పే పంతులమ్మని జిల్లావాళ్ళు వేరే ఊరికి పంపుతున్నారట. వచ్చే ఏడాది ఆ తరగతి ఉండదు. నేను చెప్పిన ఏడే దానికి కారణం తల్లీ. నీ పిల్లల తరగతిని నేనే పోగొట్టాను.

ఈ పొద్దున రౌషన్ కూడా వచ్చింది. ఆ పిల్లకీ నిజం చెప్పాను. ఏడు కొట్టేసి సున్నా పెట్టమన్నాను. "ఎందుకు తాతా అలా చెప్పారు?" అంది. "నువ్వు అతిథివి. అతిథికి మా కష్టం మూటగట్టి పంపుతామా?" అన్నాను. తిట్టలేదు. సంచిలోంచి దొంతరంతా తీసి బల్ల మీద పెట్టుకుంది. "నూట తొంభై ఇళ్ళు తిరిగాను. అన్నిచోట్లా నాకు మాంసమే పెట్టారు. అందరూ బాగానే ఉన్నామన్నారు" అని, ఆ కాగితాల మీద చెయ్యి వేసింది. ఆ పిల్లకి టీ పోశాను.

ఇప్పుడు లెక్క నీ ముందుంది. ఇల్లు మంచిది. నీళ్ళు వస్తాయి. తిలెగెన్ ఆదివారం వస్తాడు. మాట్లాడే మనిషి లేడు. బడి లేదు. భూమి ఒకసారి వదిలితే రాదు. ఇన్ని తెలిసి సంతకం పెట్టు, లేదా పెట్టకు.

నువ్వు రావాలని నాకు ఎంత ఉందో మాత్రం ఈ ఉత్తరంలో రాయను.
ఒరజ్‌ఖాన్

దెలూన్
18 ఏప్రిల్ 1993

నాన్నా,

తంతి ఇరవై ఏడున అందింది. "సంతకం వద్దు. ఏడిళ్ళూ అబద్ధం. ఉత్తరం వెనక వస్తోంది. నాన్న." మీరు ఇంత తక్కువ మాటలు రాయడం నేనెప్పుడూ చూడలేదు, అందుకే భయపడ్డాను. ఉత్తరం నిన్న వచ్చింది.

మేం 'ఉంటాం' అని సంతకం పెట్టాం. మేతభూమి మా పేరున పడింది. బర్రెల బేరం వదులుకుంటే కొనేవాడు సాయన్‌ని నలుగురిలో తిట్టాడు, పడ్డాడు. ఇక ఇప్పట్లో రాలేం. పెద్దాడు పుస్తకం మూసేశాడు, అడిగితే సమాధానం చెప్పడం లేదు.

తంతి చూశాక మీ మీద రెండు రోజులు కోపంగా ఉన్నాను. ఏ మాట నిజమో వెతుక్కుంటూ పాత ఉత్తరాలన్నీ మళ్ళీ చదివాను. అగ్గిపెట్టెల దగ్గర ఆగిపోయాను. డిసెంబర్లో అది చదివి మేమంతా నవ్వాం నాన్నా. పెద్దమ్మ కూడా నవ్వింది.

వచ్చేయండి. మేతభూమి పక్కన మీ గుడారం వేసే చోటు అలాగే ఉంది. జూన్‌లో కనుమ బాగుంటుంది, సాయన్ తనే వస్తానంటున్నాడు. "మామని గుర్రం మీద కూర్చోబెట్టి తెస్తాను, ఎంత మాట్లాడినా వింటాను" అన్నాడు. ఆ మాట అతని నోట రావడం ఎంతో మీకు తెలుసు.

జవాబు త్వరగా.
అక్‌మరల్

జల్గిజ్‌కయిన్
24 మే 1993

నా ఒంటెపిల్లకి,

సంతకం మంచి పని. పెద్దాడికి చెప్పు, తాత తప్పుకి తాత చెవులు పట్టుకున్నాడని. సాయన్‌కి చెప్పు, వింటానన్న మాటకి నేను అతన్ని వంద సార్లు దీవించానని.

మే నెల మొదటి వారంలో ఊరిని పిలిచాను తల్లీ. ఉన్న గొర్రెని కోశాను. కుల్పాష్ పొద్దున్నే వచ్చి పిండిరేకులు ఒత్తింది, నా చేతిలోంచి కత్తి లాక్కుని "నువ్వు పెద్దరికం చెయ్యి, పని నేను చేస్తాను" అని గదమాయించింది. పదకొండిళ్ళవాళ్ళు వచ్చారు. నాకు ఎంత ఆనందం వేసిందంటే దీవెన మధ్యలో మాట మర్చిపోయాను. వాళ్ళు తిన్నారు, నీ పెరుగు ఉండలు జేబుల్లో వేసుకున్నారు. తర్వాత వాళ్ళలో వాళ్ళు రష్యన్‌లో పడిపోయారు. నేను ఒక మొహం నుంచి ఇంకో మొహానికి చూస్తూ, అందరూ నవ్వినప్పుడు నవ్వాను. వెళ్ళాక గది ఇంకా పెద్దదిగా అనిపించింది. అందులో అబద్ధం చెప్పను నీకు, ఇక మీదట చెప్పను.

అయినా వాళ్ళిప్పుడు పిలుస్తారు. ఇంతవరకూ మూడిళ్ళు. నిజం మూడు.

సాయన్‌ని రానివ్వకు. గుర్రానికి అంత దారి అనవసరం. ఇక్కడ తిలెగెన్ ఉన్నాడు, మన ఆచారం ప్రకారం చిన్న కొడుకు పొయ్యి వదిలి తండ్రి వెళ్ళేది లేదు. ఇంకో సంగతి కూడా ఉంది.

ఇవాళ మధ్యాహ్నం ఊరి చివర లారీ ఆగింది. మంగోలియా నంబరు. చెక్కపెట్టెలు, చుట్టిన ఉన్ని నమదాలు, గుడారం కప్పు మీది చెక్క చక్రం. నేను టోపీ కూడా పెట్టుకోలేదు. ఎలా పరిగెత్తానో తెలీదు, మోకాళ్ళు ఇప్పుడు చెబుతున్నాయి. నువ్వు సంతకం పెట్టావని నాకు తెలుసు. నీ ఉత్తరం జేబులోనే ఉంది. అయినా లారీ వెనక నీలం తలగుడ్డ కట్టుకున్న ఆడమనిషి దిగుతుంటే "అక్‌మరల్" అని పిలిచేశాను.

ఆమె తిరిగి చూసింది. పేరు జిబెక్ అట. మొగుడు, ఒక కూతురు. ఖోవ్ద్ నుంచి వచ్చారు. వీధి చివర ఖాళీ ఇల్లు ఇచ్చారు. సామాను దించకుండా గుమ్మంలోనే నిలబడ్డారు, లోపలికి వెళ్ళాలో వద్దో తెలియనట్టు. ఇలా ఎంతసేపు నిలబడతారో నాకు తెలుసు కాబట్టి ఆగలేదు. "ఇవాళ మా ఇంట్లో భోజనం" అన్నాను. "మీరు ఇక్కడివాళ్ళా?" అని జిబెక్ అడిగింది. అవునన్నాను. నోట్లోంచి వచ్చాక నాకే ఆశ్చర్యం వేసింది.

గొర్రె లేదు. కుల్పాష్ దగ్గర మాంసం అరువు తెచ్చాను, "నన్నూ పిలువు మరి" అని ఇచ్చింది. ఇప్పుడు పొయ్యి మీద ఉడుకుతోంది, పక్కన కూర్చుని రాస్తున్నాను. వచ్చేది వాళ్ళు ముగ్గురు, కుల్పాష్. కానీ మాంసం వేసేటప్పుడు చెయ్యి మరో ఐదుగురికి వేసేసింది. తియ్యబుద్ధి కాలేదు. అలాగే ఉడకనిచ్చాను.

తలుపు దగ్గర అడుగులు వినబడుతున్నాయి, వెళ్తాను.
నాన్న